చివరి బెర్తు ఎవరిది?

మీరు సికింద్రాబాదు స్టేషనులో నిలబడి, హౌరా నుంచి ఢిల్లీకి బెర్తు కావాలని అడిగారనుకోండి. ఆ బండిలో ఖాళీల లెక్క ఉండేది కోల్‌కతా కంప్యూటరులో. మరి ఇక్కడి గుమాస్తాకు ఎలా తెలుస్తుంది?

లెక్క నకలు ప్రతి ఊళ్ళోనూ ఉంచితే సరి అంటారేమో! అప్పుడు మిగిలిన ఒక్క బెర్తును ఇద్దరికి అమ్మే ప్రమాదం ఉంది. అందుకే మన రైల్వేలు ఎక్కడి లెక్క అక్కడే ఉంచి, ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలను కలిపాయి. 1999 ఏప్రిల్‌లో ఈ పని పూర్తయింది. 'కాన్సర్ట్' అనే ఈ ఏర్పాటును మొదట నడిపి చూసింది సికింద్రాబాదులోనే, 1994లో.

కేంద్రాల మధ్య కబుర్లు మోసే ప్రోగ్రామును మిడిల్‌వేర్ అంటారు. పెళ్ళిళ్ళ పేరయ్య లాంటిదన్నమాట. కాకపోతే ఇది అబద్ధాలాడదు!

అసలు చిక్కు ఇప్పుడు చూడండి. మీ కోరిక కోల్‌కతా చేరింది. జవాబు వచ్చేలోగా లైను తెగింది. బెర్తు దొరికినట్టా, లేనట్టా? మళ్ళీ అడిగితే రెండు బెర్తులు ఖర్చవుతాయి. ఊరుకుంటే అక్కడ బెర్తు మీ పేర ఉంటుంది, ఇక్కడ మీ చేతిలో టిక్కెట్టు ఉండదు. అందుకని మిడిల్‌వేర్ ప్రతి కోరికకూ ఒక సంఖ్య వేస్తుంది. అదే సంఖ్య రెండోసారి వస్తే కొత్త బెర్తు ఇవ్వనివ్వదు. పాత జవాబునే తెచ్చి ఇస్తుంది.

2002 ఆగస్టులో ఇంటర్నెట్ టిక్కెట్లు మొదలయ్యాయి. అందుకోసం పాత ప్రోగ్రామును పారేయలేదు. గుమాస్తా అడిగే ప్రశ్ననే వెబ్‌సైటూ అడిగితే చాలు కదా! ఇలా లోపలి సంగతులు బయటపెట్టకుండా, అడిగినవారికల్లా ఒకే పద్ధతిలో జవాబిచ్చే ప్రోగ్రాములను కూర్చడమే సర్వీస్ ఓరియెంటెడ్ ఆర్కిటెక్చర్. మీరు ఇంట్లో ఫోను నొక్కినా, స్టేషనులో ఫారం నింపినా, చివరి బెర్తు ఆ ఒక్క లెక్కలోంచే రావాలి.