దొరల సూపు – మన మిరియాల చారు

పట్టణాలలోని కొన్ని పెద్ద హోటళ్ళలో భోజనానికి కూర్చున్నవారికి మొట్టమొదట సూపు వడ్డించే ఆచారం ఉన్నది. ఆ సూపులలో 'మలిగటాని' అనేది ఒకటి. పచ్చగా, చిక్కగా, ఘాటుగా ఉండే ఆ సూపు రుచి మరిగినవారు ఇంట దానిని చేయించబూనడం, తీరా చేసిన తరువాత "హోటలు రుచి రాలేదు" అని ఇల్లాలిని నొప్పించడం తరచుగా జరిగేదే. కాని అనుకరణకు పూనుకొనే ముందు, ఆ సూపు పుట్టిల్లు ఏదో విచారించడం యుక్తం గదా!

మలిగటాని పుట్టుకచేత ఆంగ్లపదం కాదు. తమిళంలో 'మిళగు' అనగా మిరియము. 'తణ్ణీర్' అనగా నీరు. చల్లని నీరు అనే అర్థంలో 'తన్నీరు' అనే మాట తెలుగులోను ఉన్నది. తన్నీరువారు అనే ఇంటిపేరు నేటికీ వినబడుతున్నది. మలిగటాని అనగా మిరియాల నీరు. అది మన మిరియాల చారుకు తోబుట్టువే.

దక్షిణదేశపు భోజనంలో సూపు అనే ప్రత్యేకమైన అంకం లేదు. చారును మనం అన్నంలో కలుపుకొంటాము. ఆంగ్లేయుల విందు మాత్రం సూపుతో ప్రారంభం కావలె. చెన్నపట్నంలో దొరల కొలువున్న వంటవారు ఆ లోటును చారుతో పూడ్చారు. మాంసపు రసం, వెన్నలో వేగిన ఉల్లి, మసాలా పొడి చేర్చి చిక్కబరచి, చారుకు దొరతనం కట్టబెట్టారు.

1784 నాటి ఒక ఆంగ్ల గీతంలో, బెంగుళూరు చెరలో ఉన్న ఖైదీ గంజి, మిళగుతణ్ణి తిని బ్రతుకవలసి వచ్చినదని వాపోతాడు. చెరసాలలో దుఃఖకారణమైన ఆ నీరే తరువాత విందులకు అలంకారమైనది! చెన్నపట్నపు రాజధాని ఆంగ్లోద్యోగులకు 'మల్' అనే పరిహాసనామం ఈ సూపు వలననే వచ్చినదని 1886లో వెలువడిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు చెబుతున్నది. సర్కారు జిల్లాలను ఏలిన దొరలు కూడ ఆ రాజధాని ఉద్యోగులే.

ఈ సూపును మాంసం లేకుండా ఇంట చేయడం కష్టం కాదు. చారెడు కందిపప్పును మెత్తగా ఉడికించి మెదపవలె. ఉల్లి, వెల్లుల్లి, అల్లం వెన్నలో వేయించి, పసుపు, ధనియాల పొడి, జీలకర్ర పొడి చేర్చి, పప్పుతో కలిపి నీరు పోసి మరిగించి వడగట్టవలె. చివరకు కొబ్బరిపాలు పోసి, పొంగు రాకముందే దించి, నిమ్మరసం పిండి, చెంచాడు అన్నం వేయవలె. పులుపు ముందుగా పడితే పప్పు త్వరగా మెత్తబడదు. కొబ్బరిపాలు ఎక్కువసేపు మరిగితే విరిగిపోతాయి.

రుచి రాకపోవడానికి మరియొక కారణం మిరియాల పొడి. మిరియపు ఘాటుకు మూలమైన పైపరిన్ అనే పదార్థాన్ని 1819లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఓర్‌స్టెడ్ వేరుచేశాడు. అది గాలిలో ఎగిరిపోయేది కాదు. సువాసననిచ్చే తైలాలు మాత్రం దంచిన క్షణం నుండి ఎగిరిపోతూనే ఉంటాయి. కనుకనే నిలవ పొడిలో ఘాటు మిగులుతుంది గాని పరిమళం మిగలదు. మిరియాలను అప్పటికప్పుడు దంచి, దించబోయే ముందు వేయడమే మన పెద్దలు ఎరిగిన కిటుకు.

'వైవర్న్' అనే కలం పేరుతో కెన్నీ-హెర్బర్ట్ అనే సైనికోద్యోగి 1878లో చెన్నపట్నంలో ప్రకటించిన 'కలినరీ జాటింగ్స్ ఫర్ మద్రాస్' అనే వంటపుస్తకంలో ఈ సూపును గూర్చి శ్రద్ధగా వ్రాశాడు. అటువంటి వ్రాతల వలన దొరల సూపు తరతరాలకు అందినది. మన ఇళ్ళలో అవ్వల చారు మాత్రం చాలవరకు చేతి కొలతలోనే నిలిచి, ఆ చేయితోనే అంతరిస్తున్నది. హోటలు సూపును ఇంట దించగోరే విద్యార్థి, ముందుగా అవ్వ ప్రక్కన కూర్చుండి, ఆమె పిడికిలిలోని మిరియాలను ఒక్కసారి లెక్కించి వ్రాసుకొనుగాక! అప్పుడు హోటలులో రుచి చూచినది పరాయి వంటకం కాదనీ, ఊరు తిరిగి, వేషం మార్చి వచ్చిన ఇంటి చుట్టమేననీ తెలియగలదు.