జీపు కారా, సరుకుల బండా? బయానా ఇచ్చే ముందు వేసుకోవలసిన లెక్క

ఈ మధ్య సంఘాల సమావేశాలలో పాల ధర, దాణా ధర తరువాత మమ్మల్ని ఎక్కువగా అడుగుతున్నది బండి సంగతి. ఆరేడు గేదెలు కట్టిన ఇంట్లో మోటారు సైకిలుతో పని జరగడం లేదు. నాలుగు చక్రాల బండి కొనాలి. అయితే ఇప్పుడు ఎస్.యు.వి. అంటున్న బొలేరో, స్కార్పియో వంటి జీపు తరహా కారు కొనడమా, లేక టాటా ఏస్, బొలేరో పికప్ వంటి సరుకుల బండి కొనడమా? ఇంట్లో ఆడవారిది ఒక మాట, కుర్రవారిది ఒక మాట. ఈ రెంటి మధ్య తేల్చుకోలేక, రెండు పనులకూ ఒకే బండి సరిపెట్టుకుందామని చాలామంది ఒక నిర్ణయానికి వస్తున్నారు. ఆ నిర్ణయం దగ్గరే ప్రమాదం ఉన్నది గనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మొదట ఒక చిన్న పని చేయండి. సంవత్సరంలో 365 రోజులు గదా. అందులో ఎన్ని రోజులు మీ బండిలో మనుషులు కూర్చుంటారు, ఎన్ని రోజులు మేత, దాణా, పాలక్యాన్లు కూర్చుంటాయి? పెండ్లిళ్ళు, తిరునాళ్ళు, ఆసుపత్రి, పిల్లల చదువులు అన్నీ కలిపినా చాలా ఇళ్ళలో నలభై రోజులు దాటవు. బండి కొనేటప్పుడు మాత్రం ఆ నలభై రోజులే కళ్ళ ముందు నిలుస్తాయి.

ఇక బరువుల సంగతి. 40 లీటర్ల క్యాను నిండా పాలు పోస్తే పాలే 41 కిలోలు. క్యాను బరువు కలుపుకుంటే ఇంచుమించు 50 కిలోలు. 2005లో వచ్చిన టాటా ఏస్ వంటి చిన్న బండి ముప్పాతిక టన్ను మోస్తుంది, అంటే పదిహేను నిండు క్యానులు. పాలిచ్చే గేదెకు రోజుకు 25 నుంచి 30 కిలోల పచ్చిమేత కావాలి. అయిదు గేదెలకు 125 నుంచి 150 కిలోలు. మోటారు సైకిలు మీద ఇది రెండు మూడు తడవలు, చిన్న బండిలో అయితే ఒక మూల. పచ్చిమేత కుప్ప వేస్తే వేడెక్కి పాడవుతుంది కాబట్టి వారానికి సరిపడా ఒకేసారి తెచ్చుకుందామన్నా కుదరదు. అందుచేత అయిదారు గేదెల రైతుకు టన్నుంబావు మోసే పెద్ద పికప్పు అవసరమే లేదని మా అభిప్రాయం. షోరూములో వారు పెద్దదే చూపిస్తారు, అది వారి వ్యాపారం. వరిగడ్డి సంగతి మాత్రం వేరు. దానికి బరువు తక్కువ, చోటు ఎక్కువ. అది ఏడాదికి ఒకటి రెండు సార్లు తోలుకునేది, దానికి ట్రాక్టరు కిరాయికి దొరుకుతుంది.

గేదెను సంతకు తోలుకు వెళ్ళడానికి కూడా పనికి వస్తుందంటారు. మంచి ముర్రా గేదె 500 కిలోల పైనే ఉంటుంది. 2016 జనవరి నుంచి అమలులో ఉన్న కేంద్ర మోటారు వాహనాల నిబంధన ప్రకారం ఆవుకు గాని, గేదెకు గాని రెండు చదరపు మీటర్ల చోటు, మధ్య అడ్డుగోడలు ఉండాలి. రెండున్నర మీటర్ల పొడవు, మీటరు డెబ్బై సెంటీమీటర్ల వెడల్పు తొట్టి అయితే రెండు గేదెలు. మూడవదాన్ని ఇరికిస్తే పశువుకూ బాధ, దారిలో ఆపిన చోట మీకూ బాధ.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. సరుకుల బండి కొన్నవారు పెండ్లికో, దేవుడి మొక్కుకో వెనుక తొట్టిలో గడ్డి పరచి, దాని మీద జంపఖానా వేసి ఇరవై మందిని ఎక్కించడం మనం చూస్తూనే ఉన్నాము. ఊళ్ళో ఎవరూ దీన్ని తప్పుగా భావించరు. పైగా బండి గలవాడు ఎక్కించుకోకపోతే మనసు లేనివాడంటారు. చట్టం ఏమంటున్నదో వినండి. సరుకుల బండిలో సరుకు సొంతదారుకు గాని, అతని తరఫున సరుకు వెంట వచ్చిన మనిషికి గాని బీమా వర్తించేటట్లు 1994లో చట్టం సవరించారు. అంతకు మించి ఊరికే ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత లేదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. బండి బోల్తాపడి ప్రాణనష్టం జరిగితే నష్టపరిహారం ఎవరు ఇవ్వాలి? బండి సొంతదారు. కొన్ని కేసులలో బాధితులకు ముందు కంపెనీని చెల్లించమని, తరువాత ఆ సొమ్మును సొంతదారు దగ్గర వసూలు చేసుకొమ్మని కోర్టులు ఆదేశిస్తాయి. ఎటు తిరిగినా చివరకు వచ్చేది మీ పొలం మీదికే. చనిపోయినవారు మేనమామ పిల్లలో, పక్కింటివారో అయి ఉంటారు. కోర్టుకు వెళ్ళేదీ వారి కుటుంబమే, వెళ్ళక వారికి గత్యంతరం ఉండదు. పాలసీ కట్టాము గదా అన్న ధైర్యం అక్కడ పనికిరాదు. ట్రాక్టరు ట్రైలరులో కూలీలను ఎక్కించేవారు కూడా ఈ పేరా మరొకసారి చదవవలసిందిగా కోరుతున్నాము.

జీపు తరహా కారుకు ఇదే చిక్కు తిరగబడి ఉంటుంది. తెల్ల నంబరు పలకతో సొంత వాడకానికి రిజిస్టరైన కారులో మీ ఇంటి దాణా రెండు బస్తాలు వేసుకోవడం వేరు, ఊరి పాలను కిరాయికి తోలడం వేరు. కిరాయికి తిప్పితే పాలసీలో వ్రాసుకున్న షరతు దాటినట్లే. ప్రమాదం జరిగిననాడు ఆ కాగితమే ఎదురు తిరుగుతుంది. మరొక సంగతి. కారుకు చౌకగా వస్తుందని థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే కడితే, లోపల ఉచితంగా కూర్చున్న బంధువులకు అది వర్తించదు. ప్యాకేజీ పాలసీ అయితే వర్తిస్తుంది. కుటుంబం కోసమని కారు కొని కుటుంబానికి వర్తించని పాలసీ కట్టడంలో అర్థం లేదు.

రెండు పనులూ జరగాలని పట్టుబట్టేవారికి మధ్యేమార్గం ఒకటున్నది. బొలేరో క్యాంపర్ వంటి రెండు వరుసల క్యాబిను బండి. డ్రైవరుతో కలిపి అయిదుగురు లోపల కూర్చోవచ్చు, వెనుక తొట్టిలో సుమారు టన్ను సరుకు వేయవచ్చు. దీనికైనా ఆర్.సి.లో వ్రాసిన సీట్ల సంఖ్యే హద్దు. ధర ఎక్కువే. తొట్టి పొట్టిది కావడం వలన మేతకు అంత అనువు కాదు.

ఇక డబ్బు సంగతి. ఎనిమిది లక్షల అప్పు, నూటికి పది వడ్డీ, అయిదేళ్ళ గడువు అనుకుందాం. నెల వాయిదా 17,000 రూపాయలు పడుతుంది. మొత్తం కట్టేది 10 లక్షల 20 వేలు. దీన్ని పాలలోకి మార్చి చూడండి. లీటరు 45 రూపాయల చొప్పున నెలకు 378 లీటర్లు, అంటే రోజుకు పన్నెండున్నర లీటర్లు. ఇద్దరు మంచి గేదెల కష్టం వాయిదాకే పోతుంది, వాటి దాణా ఖర్చు వేరే. గేదె ఏడాదిలో రెండు మూడు నెలలు వట్టిపోతుంది, వాయిదా వట్టిపోదు. వేసవిలో పాల బిల్లు సగానికి పడిపోయిన నెలలో కూడా ఆ 17,000 తప్పదు. అందుకని చలికాలపు పాల బిల్లు చూసి అప్పు తీసుకోవద్దు. ఏప్రిల్, మే నెలల బిల్లులు తీసి ముందు పెట్టుకోండి.

కిరాయితో పోల్చే లెక్క కూడా వేద్దాం. బీమా, టైర్లు, మరమ్మతులకు నెలకు 5,000 కలుపుకుంటే, బండి కదలకుండా ఇంటి ముందున్నా 22,000 అవుతుంది. మీ ఊళ్ళో 40 కిలోమీటర్ల ట్రిప్పుకు కిరాయి 1,500 అనుకోండి. సొంత బండి లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే, లీటరు డీజిలు నూరు రూపాయల లెక్కన ఆ ట్రిప్పుకు 270 రూపాయలు. మిగిలేది 1,230. ఆ 22,000 రావాలంటే నెలకు 18 ట్రిప్పులు తిరగాలి. ఈ అంకెల స్థానంలో మీ ఊరి అంకెలు వేసుకోండి. అయిదేళ్ళ తరువాత బండి మిగులుతుంది గదా అంటారు. మిగులుతుంది, కాని అప్పటికి మరమ్మతులు కూడా పెరుగుతాయి. నెలకు ఆరేడు ట్రిప్పులే ఉన్న ఇంటికి రెండు బండ్లలో ఏదీ అక్కరలేదన్నది మా సలహా. ఆ సొమ్ముతో గడ్డి కోసే యంత్రం, పాకకు మంచి నేల సమకూర్చుకోవచ్చు.

జీపు కారు కొనవద్దని మేము అనడం లేదు. మంచాన పడ్డ పెద్దలున్నారు, ఆసుపత్రి ముప్పై మైళ్ళ దూరం, రాత్రివేళ బండి దొరకదు, అలాంటి ఇంటికి కారు అవసరమే. అయితే అది ఇంటి ఖర్చు. దాన్ని పాడి ఖాతాలో వ్రాసి, పాడి గిట్టుబాటు కావడం లేదని బాధపడవద్దు. ధరలో ఒక తేడా గమనించండి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1500 సి.సి. లోపు డీజిలు ఇంజను గల కార్లకు జి.ఎస్.టి. 18 శాతం. బొలేరో ఈ కోవలోకి వస్తుంది. అంతకు మించిన వాటికి 40 శాతం. సరుకుల బండ్లకు కూడా 28 నుంచి 18కి తగ్గింది.

సంఘం పాలు తోలే ఒప్పందం వస్తుందనే ఆశతో పికప్పు కొనదలచినవారికి ఒక్క మాట. ఒప్పందం ఎన్ని సంవత్సరాలకు, అప్పు ఎన్ని సంవత్సరాలకు అన్నది పక్కపక్కన వ్రాసుకోండి. ఒప్పందం ఒక ఏడాదికి, అప్పు అయిదేళ్ళకు అయితే మిగిలిన నాలుగేళ్ళు ఆ బండికి పని ఏమిటి? ఊళ్ళోనే పాలశీతల కేంద్రం వస్తే క్యానుల దారి తగ్గి, ట్యాంకరే నేరుగా వచ్చి పాలు తీసుకుపోతుంది. లీటరుకు ఇంత అని కిరాయి ఉంటే వేసవి పాలతో కూడా లెక్క చూడండి. సంతకం చేసే ముందు సంఘం కార్యదర్శిని ఈ విషయాలు అడిగి తెలుసుకోవచ్చు.

కాగితాల విషయంలో భయపడవలసినంత లేదు. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకుల బండికి పర్మిట్టు అక్కరలేదు. ఫిట్‌నెస్ మాత్రం తప్పదు. కొత్త బండికి ఎనిమిదేళ్ళ వరకు రెండేళ్ళకొకసారి, ఆ తరువాత ఏటేటా. లైసెన్సు సంగతి చాలాకాలం తగాదాలో ఉండేది. కారు నడిపే ఎల్.ఎం.వి. లైసెన్సుతోనే 7,500 కిలోల లోపు రవాణా బండి కూడా నడపవచ్చునని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది.

పాత బండి కొంటే వాయిదా భారం సగం తగ్గుతుంది, అందులో తప్పు లేదు. ఆర్.సి.లో ఫైనాన్సు వారి పేరు ఉంటే, అప్పు తీరినట్లు వారి కాగితం, ఫారం 35 చేతికి వచ్చేవరకు పూర్తి సొమ్ము ఇవ్వవద్దు. మీ పాత బండి అమ్ముతున్నా జాగ్రత్త అవసరం. ఆర్.సి.లో మీ పేరు ఉన్నంతకాలం, కొన్నవాడు చేసిన ప్రమాదానికి సొంతదారుగా మీరే జవాబుదారీ అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫారం 29, 30 మీద సంతకాలు అయితే సరిపోదు, పేరు మారినదా లేదా అని రవాణా కార్యాలయంలో స్వయంగా విచారించుకొని, కొత్త ఆర్.సి. నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.