గోడ మీది రైలును చెక్కేసే స్పాంజి

నంద్యాలలో అద్దె ఇల్లు ఖాళీ చేసే రోజు, సామానంతా ఆటో ఎక్కాక గోడలు బయటపడతాయి. స్విచ్ బోర్డు చుట్టూ వేళ్ల మురికి. బీరువా ఆనుకున్న చోట నల్లటి చార. వాటి కింద, మూడడుగుల ఎత్తులో, చంటివాడు బాల్‌పెన్నుతో గీసిన రైలు. ఓనరు వచ్చి అడ్వాన్సులో కోత పెట్టేలోపు ఆ రైలు మాయం కావాలి. సబ్బునీళ్లతో రుద్దితే సిరా ఇంకాస్త పాకుతుంది. అప్పుడు ఎవరో ఫోన్‌లో చూసి తెప్పించిన తెల్లటి దిమ్మె బయటికి వస్తుంది. నీళ్లలో ముంచి, పిండి, మెల్లగా నాలుగుసార్లు రుద్దితే ముందు ఇంజను పోతుంది, తర్వాత ఒక్కో పెట్టె పోతుంది. దిమ్మె అంచు నీలంగా మారి, పలుకులు పలుకులుగా రాలుతుంది. సబ్బు లేదు, యాసిడ్ లేదు. ప్యాకెట్టు మీద 'మ్యాజిక్' అని ఉంటుంది కాబట్టి చూసినవాళ్లూ అదే మాట అంటారు.

నంద్యాల నుంచి కడప రోడ్డు మీద దాదాపు నలభై కిలోమీటర్లు పోతే ఆళ్లగడ్డ వస్తుంది. భౌగోళిక గుర్తింపు పొందిన రాతి శిల్పాల ఊరు. అక్కడి పనివాళ్లకు ఈ దిమ్మె గుట్టు చెప్పాల్సిన పని ఉండదు. ఉలి పని అయిపోయిన విగ్రహం బుగ్గ మీద ఇంకా గాట్లు ఉంటాయి. దాన్ని నున్నగా చెయ్యడమంటే మళ్లీ గీకడమే. ముందు ముతక సానరాయి, తర్వాత సన్నది, ఆపైన ఇంకా సన్నది. ప్రతి రాయీ వెనకటి రాయి పెట్టిన గీతల్ని చెరిపి, అంతకంటే సన్న గీతలు పెడుతుంది. కంటికి ఆననంత సన్నబడ్డాక ఆ గీతలకే మనం నునుపు అని పేరు పెట్టాం. వడ్రంగి ఉప్పుకాగితం చేసేదీ ఇదే. తెల్ల దిమ్మె ఈ వరసలో చిట్టచివర నిలబడే అతి సన్న ఉప్పుకాగితం. మెత్తగా ఉండటం వల్ల ఆ సంగతి బయటపడదు, అంతే.

ఆ మెత్తదనం వెనక ఉన్నది మెలమైన్. జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూస్టుస్ ఫాన్ లీబిగ్ 1834లోనే దాన్ని తయారుచేశాడు గానీ, ఏం చేసుకోవాలో చాలాకాలం ఎవరికీ తోచలేదు. ఫార్మాల్డిహైడ్‌తో కలిపి వేడిచేస్తే కరగని, వంగని గట్టి రెజిన్ అవుతుందని తేలాక దాని దశ తిరిగింది. పెళ్లిళ్లలో కనిపించే, కింద పడ్డా తొందరగా పగలని మెలమైన్ పళ్లాలు ఆ రెజినే. వంటింటి గట్టు మీది సన్‌మైకా పైపొరా అదే.

జర్మనీలోని బీఏఎస్ఎఫ్ కంపెనీ ఈ గట్టి రెజిన్‌ను నురుగులా పొంగించింది. పొంగించే పదార్థం, గట్టిపడటానికి కాస్త ఆమ్లం కలిపి మైక్రోవేవ్ వేడి తగిలిస్తే ద్రావణం ఇడ్లీలా పొంగి, ఆ పొంగులోనే బిగుసుకుంటుంది. 1980ల నాటికి అది బాసోటెక్ట్ పేరుతో మార్కెట్లో ఉంది. ఇల్లు తుడవడం ఎవరి ఊహలోనూ లేదు. రికార్డింగ్ స్టూడియో గోడలకు, వేడి పైపుల చుట్టూ, రాకెట్ ముక్కు కవచాల లోపల శబ్దాన్ని, వేడిని ఆపడానికి వాడారు. మంట తగిలితే కరిగి కారదు, బొగ్గవుతుంది.

దాన్ని భూతద్దం కింద కాదు, మైక్రోస్కోపు కింద పెట్టాలి. మూతలు లేని గదులు, గదుల అంచులుగా సన్నటి పుల్లలు. పుల్లల మందం మిల్లీమీటరులో కొన్ని వేయోవంతులు. ఘనమీటరు నీళ్లు 1000 కిలోలైతే ఘనమీటరు ఈ నురుగు 9 కిలోలే, మిగతాదంతా గాలి. అందుకే నొక్కితే దిగుతుంది, గోడ ఎగుడుదిగుళ్లలోకి ఒదుగుతుంది. ఒక్కో పుల్ల మాత్రం పళ్లెమంత గట్టిది. రుద్దినప్పుడు లక్షల పుల్లల కొనలు సిరా పొరను గీకుతాయి, ఊడిన రంగు పక్కనున్న గదుల్లోకి చేరుతుంది. నీళ్లు జారుడునిస్తాయి, ఊడినదాన్ని మోసుకుపోతాయి. గీకుతూ గీకుతూ పుల్లలూ విరుగుతాయి, కింద కొత్త మొనలు తేలతాయి. పెన్సిల్ రబ్బరు అరిగినట్టు దిమ్మె అరిగిపోయేది అందుకే. గిన్నెలు తోమే మామూలు స్పాంజి పాలీయురేథేన్‌ది. అది సాగుతుంది, వంగుతుంది, గీకలేదు. దానికి అంటించిన పచ్చ పీచు గీకుతుంది గానీ ఆ గీతలు కంటికి కనిపిస్తాయి.

ఇటుక పొడితో ఇత్తడి బిందె తోమిన అవ్వలు ఈ సూత్రాన్ని చేత్తో ఎరుగుదురు. వాళ్లు పక్కన చింతపండు కూడా పెట్టుకునేవాళ్లు. ఇటుక పొడి గీకడానికి, చింతపండు పులుపు చిలుమును కరిగించడానికి. తెల్ల దిమ్మెకు మొదటి సగమే చేతనవును.

ఇంటి పనికి దాన్ని ముందుగా మళ్లించింది జపాన్. 1990ల చివరికి అక్కడ ఈ నురుగు ముక్కలు మరకల స్పాంజిగా అమ్ముడుపోతున్నాయి. కొత్త సరుకు కోసం తిరిగే పీ అండ్ జీ కంపెనీ మనిషి ఒకరు ఒసాకాలోని ఒక దుకాణంలో దాన్ని చూశారు. 2003లో అమెరికాలో అది 'మ్యాజిక్ ఎరేజర్' అయింది.

పేరులో మెలమైన్, ఫార్మాల్డిహైడ్ రెండూ ఉండేసరికి విషమన్న పుకారు పుట్టింది. 2008లో చైనాలో పాలలో మెలమైన్ కలిపి పసిపిల్లల ప్రాణాలు తీసిన ఘోరం ఆ భయానికి తోడైంది. అక్కడ కలిపింది విడి మెలమైన్. దాని బరువులో మూడింట రెండు వంతులు నైట్రోజనే కాబట్టి పరీక్షలో మాంసకృత్తులు ఎక్కువున్నట్టు చూపించింది. దిమ్మెలో ఆ అణువులు ఒకదానికొకటి కట్టుబడి రెజిన్ అయిపోయాయి. అసలు ప్రమాదం అది గీకుతుందని మరిచిపోవడం. పిల్లల బుగ్గ మీది స్కెచ్ పెన్ను రంగు దీంతో రుద్దితే చర్మం లేస్తుంది.

గోడలకూ ఆ మరుపే చేటు. ప్లాస్టిక్ పెయింటు మీద మెల్లగా రుద్దితే పైపొర కొంచెమే పోతుంది. డిస్టెంపరైతే మరకతో పాటు రంగూ వస్తుంది. సున్నం కొట్టిన పాత గోడ మీద రుద్దితే రైలు పోతుంది, దాని చుట్టూ పట్టాలంత వెడల్పున మాసిక మిగులుతుంది. సన్‌మైకా గట్టు మీద రుద్దడమంటే మెలమైన్‌తో మెలమైన్‌ను గీకడం. మెరుపు చచ్చిపోతుంది. పసుపు మరక సంగతి వేరు. అది ప్లాస్టిక్ డబ్బా లోపలికి ఇంకుతుంది, పైపైన గీకితే లొంగదు. దాన్ని ఎండలో పెట్టడం మేలు, పసుపులోని రంగు వెలుతురుకు విరిగిపోతుంది.

ఇక నేల. బేతంచెర్ల పాలిష్ బండలు ఈ జిల్లా ఇళ్లలో మామూలే. అవి సున్నపురాయి జాతివి. వాటిలోని కాల్సైట్ కాఠిన్యం మోస్ కొలతలో 3. గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్‌ది 6, క్వార్ట్జ్‌ది 7. చెప్పు రాసుకున్న నల్ల చార తీయబోయి బండ మీద గట్టిగా రుద్దితే అద్దంలా మెరిసే చోట మసక మచ్చ పడొచ్చు. యాసిడ్ పోస్తే ఇంకా అన్యాయం, రాయే నురగెత్తి కరుగుతుంది. ఆ చారను ముందు బట్టతో, కాస్త సబ్బునీళ్లతో చూడాలి.

రాలిన పలుకుల మాట మిగిలింది. అరిగిన గ్రాము దిమ్మె నుంచి దాదాపు 65 లక్షల ప్లాస్టిక్ పోగులు విడుదలవుతాయని 2024లో చైనా పరిశోధకులు లెక్క కట్టారు. ఒత్తుగా ఉండే దిమ్మెలు తక్కువ రాలుస్తాయని కూడా అదే పరిశోధన చెప్పింది. నంద్యాల ఇంట్లో గోడ తుడిచి స్పాంజిని సింకులో జాడిస్తే ఆ పోగులు కాలువ పడతాయి, అక్కణ్నుంచి కుందూ నది ఎంతో దూరం లేదు. తడి గుడ్డతో గోడ మీది పలుకులు ఎత్తి, గుడ్డను ఆరబెట్టి, వాటిని చెత్తబుట్టలో దులిపితే కాలువలో పడేవి కొన్నైనా తగ్గుతాయి. ఈలోగా ఓనరు మెట్లెక్కుతున్న చప్పుడు వినిపిస్తుంది. గోడ మీద రైలు లేదు. అది ఉన్న చోట మాత్రం, కిటికీ వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు, మూరెడు మేర రంగు తేడాగా కనిపిస్తుంది.