పాఠం 9: లారీ డీజిల్ ఇంజిన్ - నడిపే తీరు, సంరక్షణ, లోపాల నిర్ధారణ

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:

• డీజిల్ ఇంజిన్‌లో నిప్పురవ్వ లేకుండానే ఇంధనం ఎలా మండుతుందో వివరించగలుగుతారు.
• బరువు లారీ ఘాట్ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పుట్టే వేడిని లెక్కగట్టగలుగుతారు.
• ఇంజిన్ సంరక్షణలో ఏ పని ఎందుకు చేయాలో కారణంతో సహా చెప్పగలుగుతారు.
• ఇంజిన్ లోపాన్ని సులువైన పరీక్షతో మొదలుపెట్టి వరసగా నిర్ధారించగలుగుతారు.

9.1 పరిచయం

పాకాల పేరు వినగానే చాలామందికి రైల్వే జంక్షన్ గుర్తుకు వస్తుంది. కాట్పాడి, తిరుపతి, ధర్మవరం వైపు వెళ్లే మార్గాలు ఇక్కడ కలుస్తాయి. ఇదే మండలంలోని దామలచెరువు మామిడి మార్కెట్‌కు పేరు పొందింది. ఆ మార్కెట్ సరుకు కదిలేది లారీల మీద. తోతాపురి కాయలు గుజ్జు పరిశ్రమలకు, తినే రకాలు దూరప్రాంతాలకు వెళ్తాయి. మామిడి కాయ ఎవరి కోసమూ ఆగదు. దారిలో ఇంజిన్ ఒక్కరోజు మొరాయించినా సరుకు ధర పడిపోతుంది. సొంత లారీ నడుపుకునేవారికి బాడుగ పోతుంది, నెలవారీ వాయిదా మాత్రం తప్పదు. ఆ మొరాయింపు ఘాట్ రోడ్డులో జరిగితే ప్రాణాలకే ముప్పు.

మన ప్రాంతంలో లారీ పని చాలామంది క్లీనరుగా చేరి, డ్రైవరును చూస్తూ నేర్చుకుంటారు. ఆ అనుభవం విలువైనది. దానికి కారణాల జ్ఞానం తోడైతే, విన్న మాటల్లో ఏది నిజమో ఏది అపోహో తేల్చుకోవచ్చు. ఈ పాఠమంతటికీ ఒకే సూత్రం ఆధారం: డీజిల్ ఇంజిన్ వేడితో పనిచేస్తుంది, వేడి అదుపు తప్పితే చెడిపోతుంది. నడపడమైనా, సంరక్షణ అయినా, మరమ్మతు అయినా వేడి ఉండవలసిన చోట ఉందా లేదా అని చూసుకోవడమే.

9.2 డీజిల్ ఇంజిన్ పనిచేసే విధానం

జర్మన్ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ రూపొందించిన ఇంజిన్ 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో విజయవంతంగా పనిచేసింది. పెట్రోల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఇచ్చే నిప్పురవ్వ ఇంధనాన్ని వెలిగిస్తుంది. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే అది వేడెక్కుతుంది. సైకిల్ పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వెచ్చబడటం మీరు గమనించే ఉంటారు. సిలిండర్‌లోని గాలిని పిస్టన్ దాదాపు 17వ వంతుకు కుదిస్తే ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ గాలిలోకి ఇంజెక్టర్ డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్మగానే అది తనంతట తానే అంటుకుంటుంది.

ఈ పని నాలుగు దశల్లో సాగుతుంది. గాలి లోపలికి రావడం చూషణ దశ. గాలిని కుదించడం సంపీడన దశ. ఇంధనం మండి పిస్టన్‌ను కిందికి నెట్టడం శక్తి దశ. కాలిన వాయువులు బయటికి పోవడం నిర్గమ దశ. నాలుగు దశలు పూర్తయ్యేసరికి క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరుగుతుంది.

దీన్నిబట్టి ఇంజిన్ స్టార్ట్ కావడానికి నాలుగు అవసరాలు ఉన్నాయని తెలుస్తుంది: తగినంత వేగంగా తిరగడం, శుభ్రమైన గాలి, సరైన ఇంధనం, పటిష్ఠమైన సంపీడనం. లోప నిర్ధారణ మొత్తం ఈ నాలుగింటి మీదే నిలుస్తుంది.

9.3 ఘాట్ రోడ్డులో వేడి లెక్క

దామలచెరువులో లోడు ఎత్తిన లారీ బెంగళూరుకు బయలుదేరిందనుకుందాం. చిత్తూరు దాటాక మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరుకోవాలి. చిత్తూరుకంటే పలమనేరు సుమారు 350 మీటర్లు ఎత్తులో ఉంది. సరుకుతో కలిపి లారీ బరువు 25 టన్నులు అనుకుంటే, ఆ ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తి:

25,000 కిలోలు × 9.8 × 350 మీటర్లు = 8,57,50,000 జౌళ్లు, అంటే దాదాపు 86 మెగాజౌళ్లు.

ఒక లీటరు డీజిల్‌లో సుమారు 36 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. ఇంజిన్ అందులో 40 శాతాన్ని పనిగా మార్చగలదనుకుంటే, కేవలం ఎత్తు ఎక్కడానికే 6 లీటర్లు ఖర్చవుతాయి. టైర్ల రాపిడికి, గాలి నిరోధానికి అయ్యే ఖర్చు దీనికి అదనం. మిగిలిన 60 శాతం వేడిగానే పోతుంది. కొంత సైలెన్సరు గుండా, కొంత రేడియేటరు గుండా బయటికి వెళ్తుంది. సమతల రోడ్డు మీద బాగానే కనిపించిన రేడియేటరు ఘాట్‌లో విఫలమయ్యేది ఇందువల్లే. అక్కడ వేడి ఎక్కువ, లారీ వేగం తక్కువ, ఎదురుగాలి తక్కువ.

ఇప్పుడు తిరుగు ప్రయాణం చూద్దాం. అంతే బరువుతో లారీ కిందికి దిగితే ఆ 86 మెగాజౌళ్లూ మళ్లీ బయటపడతాయి. దాదాపు 290 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే స్థాయికి తేవడానికి అంత వేడి చాలు. ఇందులో ఎక్కువ భాగాన్ని బ్రేకు డ్రమ్ముల మీద వేస్తే అవి విపరీతంగా కాగి, లైనర్ల పట్టు తగ్గిపోతుంది. పెడల్ తొక్కినా లారీ ఆగదు. అందుకే దిగేటప్పుడు ఇంజినే ప్రధానమైన బ్రేకు.

మీ అవగాహనను పరీక్షించుకోండి - 1
అ) లారీ మొత్తం బరువు 16 టన్నులైతే, 350 మీటర్ల ఎత్తుకు చేరడానికి ఎంత శక్తి కావాలి?
ఆ) డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఎందుకు అవసరం లేదు?

9.4 నడిపే తీరు

స్టార్ట్ చేసేటప్పుడు: ఇంజిన్ రాత్రంతా ఆగి ఉంటే ఆయిల్ చాలావరకు కిందికి జారి ఉంటుంది. స్టార్ట్ చేయగానే యాక్సిలరేటర్ తొక్కకూడదు. ఆయిల్ పీడనం మీటరు లేచేవరకు నెమ్మదిగా తిరగనివ్వాలి. ఆ తరవాత తక్కువ వేగంతో బయలుదేరితే ఇంజిన్ దారిలోనే వేడెక్కుతుంది.

ఎక్కేటప్పుడు: ఇంజిన్ ఉగ్గబట్టి మూలిగేవరకు పెద్ద గేరులో లాగించడం మంచిది కాదు. తక్కువ చుట్ల వద్ద నీటి పంపు, ఫ్యాన్ కూడా నెమ్మదిస్తాయి, వేడి మాత్రం పెరుగుతుంది. ముందుగానే గేరు తగ్గించాలి. ఘాట్ ఎక్కిన వెంటనే టీ కోసం ఆపినా, ఇంజిన్‌ను మరో 2, 3 నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి అప్పుడు ఆపాలి. టర్బోచార్జర్ షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరుగుతుంది. కాగిపోయి ఉన్నప్పుడు ఆయిల్ సరఫరా ఒక్కసారిగా ఆగితే ఆయిల్ మాడి బేరింగులకు పట్టేస్తుంది.

దిగేటప్పుడు: "న్యూట్రల్ చేసి వదిలితే డీజిల్ మిగులుతుంది" అన్న మాట మీరు విని ఉంటారు. ఇది ప్రమాదకరమైన అపోహ. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. అప్పుడు ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న ఇంజిన్ ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో మాత్రం ఐడిలింగ్ కోసం డీజిల్ కాలుతూనే ఉంటుంది. అంటే మిగిలేదేమీ లేదు, పోయేది ఇంజిన్ ఇచ్చే బ్రేకు. పైగా ఐడిలింగ్‌లో ఎయిర్ కంప్రెసర్ నెమ్మదిగా తిరుగుతుంది. పదేపదే బ్రేకు తొక్కితే ట్యాంకుల్లో గాలి పీడనం పడిపోతుంది.

దిగుడు మొదలుకాకముందే లారీని నెమ్మది చేసి తక్కువ గేరులోకి మార్చాలి. ఏ గేరులో ఆ ఘాట్ ఎక్కగలరో దాదాపు ఆ గేరులోనే దిగడం పాత డ్రైవర్లు పాటించే మంచి నియమం. ఎగ్జాస్ట్ బ్రేకును వాడుకోవాలి. వేగం పెరిగిపోయాక హఠాత్తుగా చిన్న గేరు వేయడానికి ప్రయత్నిస్తే గేరు పడకుండా లారీ న్యూట్రల్‌లోనే ఉండిపోవచ్చు. పడినా, ఇంజిన్ చుట్లు హద్దు దాటి వాల్వులు పిస్టన్లకు తగిలే ప్రమాదం ఉంది.

9.5 సంరక్షణ

సంరక్షణ నాలుగు పదార్థాల చుట్టూ తిరుగుతుంది: ఆయిల్, నీరు, గాలి, ఇంధనం.

ఆయిల్: లారీని చదునైన నేల మీద ఆపి, కొన్ని నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీసి చూడాలి. మట్టంతోపాటు రంగు, చిక్కదనం కూడా గమనించాలి. ఆయిల్ పాలు కలిసిన కాఫీ రంగులో ఉంటే నీరు కలిసిందని అర్థం. పోయకుండానే మట్టం పెరిగి, ఆయిల్ పలచబడి డీజిల్ వాసన వస్తుంటే ఇంధనం కారుతోందని అర్థం. ఈ రెండు సందర్భాల్లోనూ ఇంజిన్ నడపకూడదు.

నీరు: మన ప్రాంతపు బోరునీటిలో సాధారణంగా లవణాలు ఎక్కువ. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునే పొరే ఇంజిన్ నీటి మార్గాల్లోనూ పేరుకుంటుంది. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. కాబట్టి కంపెనీ సూచించిన కూలెంట్‌ను, కలపవలసి వస్తే శుద్ధజలాన్ని వాడాలి. రేడియేటరు ఫిన్ల మధ్య చేరిన దుమ్మును, పురుగులను తొలగించాలి. ఫ్యాన్ బెల్టు బిగువు చూడాలి.

గాలి: మామిడి కోతల కాలంలో తోటల మట్టి దారుల్లో దుమ్ము విపరీతం. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే డీజిల్ సరిగా మండదు. ఫిల్టర్ చిరిగితే దుమ్ము లోపలికి చేరి సిలిండర్లను, రింగులను అరగదీస్తుంది, ఇంజిన్ అకాలంగా బోరింగ్‌కు వస్తుంది. ఫిల్టర్‌ను నేలకేసి కొట్టి దులపకూడదు.

ఇంధనం: నీటిని వేరుచేసే ఫిల్టర్ గిన్నె అడుగున ఉన్న మర వదులుచేసి, చేరిన నీటిని క్రమం తప్పక తీసేయాలి. ఇంజెక్టర్లలోని సూక్ష్మమైన భాగాలకు నీరు, దుమ్ము బద్ధశత్రువులు.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఎస్‌సీఆర్ వ్యవస్థ ఉన్న లారీల్లో డీజిల్‌తోపాటు 32.5 శాతం యూరియా ఉన్న శుద్ధ ద్రావణం విడిగా ఒక ట్యాంకులో పోయాలి. అది పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గిస్తుంది. పొలానికి వేసే యూరియాను బోరునీటిలో కలిపి పోస్తే నాజిల్, ఉత్ప్రేరకం రెండూ పాడవుతాయి.

9.6 లోపాల నిర్ధారణ

లోపం కనిపించగానే భాగాలు విప్పడం సరైన పద్ధతి కాదు. ఖర్చు లేని పరీక్ష ముందు, ఇంజిన్ విప్పడం చివర.

(క) ఇంజిన్ స్టార్ట్ కాదు. మొదటి ప్రశ్న: సెల్ఫ్ తిరుగుతోందా? తిరగకపోతే లోపం విద్యుత్ వైపు ఉంది. బరువు లారీల్లో సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపి 24 వోల్టులు ఇస్తాయి. టెర్మినల్స్ వదులుగా ఉన్నాయా, తుప్పు పట్టాయా చూడాలి. తరవాత బ్యాటరీ చార్జి, స్టార్టర్ మోటారు. సెల్ఫ్ బాగా తిరిగినా ఇంజిన్ అందుకోకపోతే ఇంధనం వైపు చూడాలి: ట్యాంకులో డీజిల్, ఫిల్టర్, పైపుల్లో చేరిన గాలి. గాలి చేరితే హ్యాండ్ ప్రైమింగ్ పంపు కొట్టి, ఫిల్టర్ వద్ద మర వదులుచేసి, బుడగలు ఆగేవరకు డీజిల్ పోనివ్వాలి. ఇవన్నీ సరిగా ఉండి, రోజురోజుకు చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయడం కష్టమవుతుంటే సంపీడనాన్ని అనుమానించాలి. రింగులు, వాల్వులు అరిగితే గాలి జారిపోయి చాలినంత వేడి పుట్టదు.

హెచ్చరిక: కామన్ రైల్ ఇంజిన్లలో ఇంధన పీడనం 1,600 బార్లకు పైగా ఉండవచ్చు. ఇంజిన్ నడుస్తుండగా ఆ పైపులను వదులు చేయకూడదు. ఆ చిమ్ము చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

(ఖ) పొగ రంగు. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు లేదా ఇంధనం ఎక్కువైంది. ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టాలు, ఇంజెక్టర్లు ఈ వరసలో చూడాలి. నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతోంది. రింగులు, వాల్వ్ సీళ్లు, టర్బో సీలు కారణం కావచ్చు. చల్లటి ఉదయం కాసేపు తెల్లపొగ రావడం సహజం. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకుండా, రేడియేటరులో నీరు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. డీపీఎఫ్ ఉన్న బీఎస్-6 లారీల్లో మసిని ఫిల్టర్ పట్టేస్తుంది కాబట్టి నల్లపొగ కనిపించకపోవచ్చు. అక్కడ డ్యాష్‌బోర్డు దీపాలు, లోపసంకేతాలే ఆధారం.

(గ) ఇంజిన్ అతిగా వేడెక్కడం. లారీని సురక్షితమైన చోట ఆపి, చక్రాలకు అడ్డు పెట్టాలి. నీరు కారిపోకుండా, ఆయిల్ పీడనం సరిగా ఉంటే ఇంజిన్‌ను కాసేపు ఐడిలింగ్‌లో ఉంచితే వేడి సమంగా దిగుతుంది. నీరు పోయిందని తెలిస్తే వెంటనే ఆపాలి. రేడియేటరు మూతను వేడిగా ఉండగా తీయకూడదు. లోపల పీడనం ఉన్నందువల్ల నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీసిన క్షణంలో ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. కాగిన ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్ పగలవచ్చు.

(ఘ) ఆయిల్ పీడనం దీపం వెలగడం. ఇందులో "పక్క ఊరి షెడ్డు దాకా పోదాం" అన్న ఆలోచనకు తావులేదు. బేరింగులకు, లోహానికి మధ్య ఉన్న పలుచని ఆయిల్ పొర తొలగితే కొద్ది నిమిషాల్లోనే ఇంజిన్ పట్టేస్తుంది. రోడ్డు పక్కకు తీసి వెంటనే ఆపాలి. డిప్‌స్టిక్ చూడాలి. మట్టం సరిగానే ఉన్నా, కారణం తెలిసేవరకు మళ్లీ స్టార్ట్ చేయకూడదు. లారీని లాగించుకుపోయే ఖర్చు క్రాంక్ షాఫ్ట్ ఖర్చుకంటే తక్కువే.

మీ అవగాహనను పరీక్షించుకోండి - 2
అ) సెల్ఫ్ తిరుగుతూ ఇంజిన్ అందుకోకపోతే మీరు వరసగా ఏమేమి చూస్తారు?
ఆ) ఏ సందర్భంలో వేడెక్కిన ఇంజిన్‌ను వెంటనే ఆపాలి? ఏ సందర్భంలో ఐడిలింగ్‌లో ఉంచాలి?

9.7 సారాంశం

డీజిల్ ఇంజిన్ గాలిని కుదించి పుట్టించిన వేడితోనే ఇంధనాన్ని మండిస్తుంది. ఎక్కేటప్పుడు ఆ వేడిలో సగానికి పైగా బయటికి పంపాలి. దిగేటప్పుడు లారీ బరువు నుంచి పుట్టే శక్తిని బ్రేకులతో కలిసి మోయాలి. ఆయిల్, కూలెంట్, గాలి, ఇంధనం శుభ్రంగా, సరైన మట్టంలో ఉంటే పెద్ద మరమ్మతుల్లో చాలావాటిని నివారించవచ్చు. లోపం వచ్చినప్పుడు తిరగడం, గాలి, ఇంధనం, సంపీడనం అనే నాలుగింటిలో ఏది తప్పిందో తేల్చుకోవాలి. ప్రతి ఉదయం బయలుదేరేముందు పది నిమిషాలు ఈ పరిశీలనకు కేటాయించే డ్రైవరు తన సరుకును, బాడుగను, ఎదురుగా వచ్చేవారి ప్రాణాలను కూడా కాపాడుతున్నాడు.

9.8 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. డీజిల్ ఇంజిన్ నాలుగు దశలను పటం సహాయంతో వివరించండి.
2. "న్యూట్రల్‌లో దిగితే డీజిల్ ఆదా అవుతుంది." ఈ అభిప్రాయాన్ని శాస్త్రీయంగా విమర్శించండి.
3. పొగ రంగును బట్టి ఇంజిన్ లోపాన్ని ఎలా గుర్తిస్తారు? బీఎస్-6 లారీల్లో ఈ పద్ధతికి ఉన్న పరిమితి ఏమిటి?
4. మీ ఊరికి దగ్గరలోని ఘాట్ లేదా ఎత్తైన దారిని ఎంచుకుని, 9.3లో చూపిన విధంగా లారీకి కావలసిన శక్తిని లెక్కగట్టండి.