వెస్టన్స్ సైడర్

వెస్టన్స్ సైడర్ ఇంగ్లాండు పశ్చిమ భాగములోని హెరెఫర్డ్‌షైర్ కౌంటీలో, మచ్ మార్కల్ అను గ్రామములో ఉన్న సైడర్ తయారీ సంస్థ. ఇది బౌండ్స్ అను పాత వ్యవసాయ క్షేత్రములో 1880లో ప్రారంభమైనది. ఆపిల్ రసమును పులియబెట్టగా వచ్చే మద్యమును బ్రిటనులో సైడర్ అంటారు. అమెరికాలో ఈ పేరు సాధారణముగా పులియని రసమునకు చెల్లుతుంది. పులిసినది అక్కడ హార్డ్ సైడర్. బేరి పండ్ల రసముతో ఇదే విధముగా చేసే పానీయము పెర్రీ.

చరిత్ర

హెన్రీ వెస్టన్ 1878లో బౌండ్స్ క్షేత్రమునకు కౌలు రైతుగా వచ్చెను. అమెరికా నుండి చవక ధాన్యము దిగుమతి అగుచుండుటచే ఆ కాలమున ఇంగ్లాండు రైతుల ఆదాయము పడిపోయినది. అప్పట్లో ఈ ప్రాంతపు రైతులు సైడర్‌ను ఇంటి అవసరములకు, కూలీలకు వేతనములో భాగముగా ఇచ్చుటకు తయారు చేసేవారు. వేతనముగా మద్యము ఇచ్చుటను 1887 నాటి చట్టము నిషేధించినది. హెన్రీ మాత్రము అప్పటికే దానిని అమ్మకపు సరుకుగా మార్చెను. అదే గ్రామమునకు చెందిన పార్లమెంటు సభ్యుడు సి.డబ్ల్యు. రాడ్‌క్లిఫ్ కుక్ ఆయనను ప్రోత్సహించెను. సైడర్ పక్షమున ఎంతగానో వాదించుటచే కుక్‌కు "సైడర్ సభ్యుడు" అని పేరు వచ్చినది.

సైడర్ ఆపిళ్ళు

సైడర్ ఆపిళ్ళు చాలావరకు తినుటకు పనికిరావు. పులుపు, వగరుల పాళ్ళను బట్టి వీటిని తీపి, పులుపు, వగరు తీపి, వగరు పులుపు అని నాలుగు తరగతులుగా విభజించారు. డాబినెట్ వగరు తీపి రకము. ఫాక్స్‌వెల్ప్, కింగ్‌స్టన్ బ్లాక్ వగరు పులుపు రకములు. వగరునకు కారణమైన టానిన్లే సైడర్‌కు నిండుదనమును ఇస్తాయి.

తయారీ విధానము

పండ్లు సెప్టెంబరు నుండి డిసెంబరు వరకు కోతకు వస్తాయి. పూర్వము వీటిని గుర్రము తిప్పే రాతి గానుగలో నలిపి, ఆ పిప్పిని గుడ్డలలో పొరలు పొరలుగా పేర్చి, మరతో ఒత్తి రసము తీసేవారు. నేడు ఈ పనులను యంత్రములు చేస్తున్నాయి. ఈస్ట్ రసములోని చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. మన తాటికల్లు పులియుటలో జరిగేది కూడా ఇదే. తరువాత సైడర్‌ను ఓక్ కర్ర తొట్టెలలో నెలల తరబడి నిలువ ఉంచుతారు.

సందర్శన

ఇచ్చట సందర్శకులు తప్పక చూడదగినవి పురాతనమైన ఓక్ తొట్టెలు. వీటిలో పెద్దవాటికి ఒక పాత పత్రికా కార్టూన్ పాత్రల పేర్లతో పిప్, స్క్వీక్, విల్‌ఫ్రెడ్ అని పేర్లు పెట్టారు. పిప్‌లో దాదాపు 1.9 లక్షల లీటర్లు పడుతుంది. పండ్ల రాకను, రసము తీయుటను చూడగోరువారికి శరదృతువు అనువైన కాలము.

తోటల మనుగడ

సైడర్ ఆపిల్‌కు గానుగ తప్ప వేరే గిరాకీ లేదు. తయారీదారు కొనుట మానితే రైతు చెట్లను నరికివేయవలసి వస్తుంది. 1900 తరువాత ఇంగ్లాండు, వేల్సులలో సాంప్రదాయిక పండ్ల తోటలు సుమారు 81 శాతము అంతరించినవని నేషనల్ ట్రస్ట్ 2022లో ప్రకటించినది. బ్రిటను చట్టము ప్రకారము 35 శాతము రసము ఉన్నచో చాలు, ఆ పానీయమును సైడర్ అనవచ్చును. పూర్తిగా రసముతోనే తయారు చేసే చిన్న ఉత్పత్తిదారులు ఈ హద్దును పెంచవలెనని కోరుచున్నారు. రసము పాలు పెరిగినకొలదీ ఎక్కువ పండ్లు అవసరమగును, ఆ మేరకు తోటలు నిలుచును. కౌలు రైతు పొలమును నిలబెట్టిన సైడర్, ఆ ప్రాంతపు తోటలకు కూడా ఆధారమైనది.