ఎర్రబడిన కన్ను

మనిషి మొట్టమొదటిసారిగా చంద్రుడి మీద కాలు పెట్టినది 1969లో. అక్కడికి వెళ్ళిన వ్యోమనౌక పేరు అపోలో-11. సరిగా ఆ ఏడే ఆఫ్రికాలోని ఘనా దేశంలో కొత్త కళ్ళజబ్బు ఒకటి బయలుదేరింది. అక్కడివాళ్ళు దానికి "అపోలో జబ్బు" అని పేరు పెట్టారు. 1971లో అది మన దేశానికి కూడా వచ్చింది. చంద్రుడికీ ఈ జబ్బుకూ ఏ సంబంధమూ లేదు. దాన్ని తెచ్చినది కంటికి కనిపించని వైరస్.

మనం కళ్ళకలక అనేది ఈ జాతి జబ్బే. తెల్లగుడ్డునూ, రెప్పల లోపలి వైపునూ కప్పుతూ పలచని పొర ఉంటుంది. వైరస్ గాని, బాక్టీరియా గాని చేరితే ఈ పొర వాచి కన్ను ఎర్రబడుతుంది. ఇసుక పడినట్టు గరగరలాడుతుంది. నీరు కారుతుంది. పుసులు కట్టి, తెల్లవారేసరికి రెప్పలు అంటుకుపోతాయి.

"కళ్ళకలక వచ్చినవాడి కళ్ళలోకి చూస్తే మనకూ వస్తుంది" అంటారు. ఇది నిజం కాదు. కన్ను నులుముకున్న చెయ్యి తలుపు గడియను తాకుతుంది. అదే గడియను తాకిన ఇంకొకడు తన కన్ను నులుముకుంటాడు. అంతే, జబ్బు అంటుకున్నది! అందుచేత తరచు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తువాలూ, తలగడా వేరుగా ఉంచుకోవాలి. డాక్టరు వెళ్ళమనేదాకా బడి మానటం మేలు. వైరస్ వల్ల వచ్చినది చాలావరకు ఒకటి రెండు వారాలలో దానంతట అదే తగ్గుతుంది. తల్లిపాలూ, ఆముదమూ, ఆకు పసర్లూ కంట్లో పోయరాదు.

అయితే ఎర్రబడిన ప్రతి కన్నూ కళ్ళకలక కాదు. అసలు ప్రమాదం ఇక్కడే ఉన్నది.

కంటి నడుమ నల్లగా కనిపించేది కనుపాప. దాని చుట్టూ గోధుమరంగు తెర ఉంటుంది. వెలుతురులో కనుపాపను చిన్నదిగానూ, చీకట్లో పెద్దదిగానూ చేసేది ఈ తెరే. ఒక్కొక్కప్పుడు వాపు పైపొరకు గాక, లోపల ఈ తెరకు వస్తుంది. దీన్ని డాక్టర్లు యువైటిస్ అంటారు. తరచు, రోగాలతో పోరాడవలసిన మన ఒంటి శక్తే పొరపాటున సొంత కంటి మీద తిరగబడటం వల్ల ఇది వస్తుంది. ఇందులో పుసులు కట్టవు. కన్ను సలుపుతుంది, వెలుతురు చూడలేము, చూపు మసకబారుతుంది. ఆలస్యం చేస్తే ఆ తెర వెనకనున్న కటకానికి అతుక్కుపోవచ్చు. చూపే పోవచ్చు.

డాక్టరు వెంటనే చూస్తే వాపు తగ్గే చుక్కల మందూ, కనుపాపను పెద్దది చేసే చుక్కల మందూ ఇస్తాడు. కనుపాప పెద్దదైతే తెర అతుక్కోదు. కాని వాపు తగ్గించే ఆ స్టీరాయిడ్ చుక్కలే మరికొన్ని కళ్ళజబ్బులకు హాని చేస్తాయి. కనక ఇంట్లో మిగిలిన పాత సీసాలోని మందు ఎన్నడూ వేసుకోరాదు.

పెద్దలకు ఒక మాట: చాలాకాలంగా కీళ్ళవాపు ఉన్న పిల్లలలో కొందరికి ఈ జబ్బు ఎరుపూ నొప్పీ లేకుండానే వస్తుంది. అలాటి పిల్లలకు కళ్ళు బాగున్నట్టే కనిపించినా, డాక్టరు చెప్పిన గడువు ప్రకారం కంటి పరీక్ష చేయించాలి.

పిల్లలూ! కన్ను ఎర్రబడితే ఆటకు పోనివ్వరని దాచకండి. నొప్పిగా ఉన్నదా? వెలుతురు చూడలేకుండా ఉన్నారా? ఒక కన్ను మూసి, రెండవదానితో గోడమీది కాలెండరు చూస్తే మసకగా ఉన్నదా? ఈ మూడింటిలో ఏ ఒక్కదానికి "అవును" అన్నా, ఆనాడే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.