కథలోని గ్రహానికి సూర్యుడెవరు?



పల్లెటూళ్ళలో హరికథ ముగిసిన తరువాత కొందరు శ్రోతలు వెంటనే ఇళ్ళకు పోరు. దాసుగారు చిడతలు సర్దుకుంటుంటే చుట్టూ చేరి ప్రశ్నలు వేస్తారు. "అభిమన్యుడు తల్లి కడుపులో ఉండి పద్మవ్యూహం సంగతి విన్నాడన్నారు. మధ్యలో తల్లి నిద్రపోతే బిడ్డకు ఎందుకు వినిపించలేదండీ?" అని ఒకరు అడుగుతారు. "బిడ్డ కూడా నిద్రపోయి ఉంటాడు" అని మరొకరంటారు. "అది కాదు, తల్లి ఊకొట్టడం మానేసరికి చెప్పేవారే ఆపేశారు" అని మూడోవారు సర్దిచెబుతారు. కథలో చెప్పకుండా విడిచిన చోటును వినేవారు తమ ఊహతో పూరిస్తారు. మంచి కథకు అదొక గుర్తు.

అమెరికాలో టెలివిజన్ కథ చూసినవారి మధ్య ఇటువంటి ఊహ ఒకటి పుట్టింది. అది ఖగోళ శాస్త్రజ్ఞుల దాకా వెళ్ళింది. ఆ సంగతి చెబుతాను, వినండి.

1966 సెప్టెంబరు 8న అమెరికాలో "స్టార్ ట్రెక్" అనే ధారావాహిక మొదలయింది. దానిని కల్పించినవాడు జీన్ రాడెన్‌బెరీ. ఎంటర్‌ప్రైజ్ అనే నౌకలో కొందరు నక్షత్రాల నడుమ ప్రయాణం చేస్తూ వారం వారం ఒక కొత్త వింత చూస్తారు. ఆ నౌకలో స్పాక్ అనే అధికారి ఉన్నాడు. అతనికి మొనదేలిన చెవులు, పైకి లేచిన కనుబొమలు. కోపతాపాలను అణచుకొని, తర్కానికి నిలిచే మాట మాత్రమే మాట్లాడతాడు. తల్లి భూలోకపు మనిషి. తండ్రి వల్కన్ అనే గ్రహానికి చెందినవాడు.

ప్రేక్షకులకు ఈ స్పాక్ అంటే ఎంతో ఇష్టం. 1967లో అభిమానులు కొందరు అతని పేరు కలిసి వచ్చేటట్లు "స్పాకనేలియా" అనే పత్రికనే ప్రారంభించారు. ఆ సంవత్సరం చివరలో ధారావాహికను ఆపివేస్తారన్న మాట బయటకు పొక్కింది. అభిమానులు టెలివిజన్ సంస్థకు లక్షకు పైగా ఉత్తరాలు రాశారు. 1968 మార్చి 1న, ఆ వారపు కథ ముగియగానే, ధారావాహిక కొనసాగుతుందని సంస్థ ప్రకటించవలసి వచ్చింది. అది మరొక సంవత్సరం నడిచి 1969లో ఆగిపోయింది. కాని అభిమానుల చర్చలు ఆగలేదు.

వారు ఏమని చర్చించుకునేవారు? ఒక ఉదాహరణ చూడండి. స్పాక్ రక్తం ఆకుపచ్చనిది. ఎందుకని? మన రక్తంలో ఇనుము ఉన్నది గనుక ఎరుపు. అతని రక్తంలో రాగి ఉన్నది గనుక పచ్చ అని కథలోనే సమాధానం ఉన్నది. ఇది ఉత్త గాలిమాట కాదు. మనం తినే రొయ్యల రక్తంలోనూ, పీతల రక్తంలోనూ రాగి ఉన్న మాట నిజమే. అయితే ప్రాణవాయువు కలిసినప్పుడు ఆ రక్తం నీలంగా ఉంటుంది కాని పచ్చగా ఉండదు. చూశారా! కథ సగం నిజం చెప్పింది. మిగిలిన సగం వెదికి తెలుసుకోవటం చూసేవారి వంతు.

ఇంతకంటె పెద్ద ప్రశ్న ఒకటి మిగిలింది. వల్కన్ గ్రహం ఏ సూర్యుని చుట్టూ తిరుగుతున్నది? మొదటి ధారావాహికలో ఆ సూర్యుని పేరు చెప్పలేదు. కొందరు ఎప్సిలాన్ ఎరిడాని అనే నక్షత్రం అన్నారు. మరికొందరు 40 ఎరిడాని అన్నారు. రెండూ కల్పితాలు కావు. మన ఆకాశంలో కనిపించే నిజమైన నక్షత్రాలే. మొదటిది పదిన్నర కాంతి సంవత్సరాల దూరంలోనూ, రెండవది సుమారు 16 కాంతి సంవత్సరాల దూరంలోనూ ఉన్నాయి. కాంతి సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆ వేగంతో అన్నేళ్ళు ప్రయాణం చేస్తే గాని ఆ వెలుగు మన కంటికి చేరదు.

ఈ తగవు తీర్చటం ఎలా? 1991లో రాడెన్‌బెరీ, ముగ్గురు ఖగోళ శాస్త్రజ్ఞులు కలిసి "స్కై అండ్ టెలిస్కోప్" అనే పత్రికకు ఒక ఉత్తరం రాశారు. అందులో వారు చూపిన సాక్ష్యం నక్షత్రాల వయస్సు.

నక్షత్రం వయస్సు ఎలా తెలుస్తుందంటారా? బొంగరాన్ని చూడండి. విసిరిన కొత్తలో జోరుగా తిరుగుతుంది, పోనుపోను నెమ్మదిస్తుంది. మన సూర్యునివంటి నక్షత్రాలు కూడా వయసులో ఉన్నప్పుడు వేగంగా తిరుగుతాయి. వాటి మీద మచ్చలూ, అయస్కాంతపు అలజడీ ఎక్కువ. ముసలివైన కొద్దీ అవి నెమ్మదిస్తాయి. కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో 1966 నుంచి ఈ అలజడిని కొలిచారు. స్టార్ ట్రెక్ మొదలయినదీ ఆ సంవత్సరమే!

ఆ కొలతలనుబట్టి ఎప్సిలాన్ ఎరిడాని వయస్సు సుమారు 100 కోట్ల సంవత్సరాలు, 40 ఎరిడాని వయస్సు సుమారు 400 కోట్ల సంవత్సరాలు అని తేలింది. మన భూమి పుట్టిన మొదటి 100 కోట్ల సంవత్సరాలలో ఇక్కడ కంటికి ఆనని సూక్ష్మజీవులు తప్ప మరేమీ లేవు. అటువంటప్పుడు అంత చిన్న వయస్సుగల నక్షత్రం దగ్గర స్పాక్ వంటి బుద్ధిమంతులు ఎలా పుడతారు? కాబట్టి 40 ఎరిడానియే వల్కన్ సూర్యుడని వారు తీర్పు చెప్పారు. కథను కల్పించినవాడు "నా మాటే వేదం" అనలేదు. కొలతలు చెప్పిన దానికే కట్టుబడ్డాడు. అందుకే ఈ ఉత్తరం నాకు ఎంతో నచ్చింది.

తరువాత 2018లో ఒక సంచలన వార్త వచ్చింది. అమెరికా శాస్త్రజ్ఞులు కొందరు 40 ఎరిడాని చుట్టూ ఒక గ్రహం తిరుగుతున్నట్లు కనబడుతున్నదని ప్రకటించారు. అది భూమికంటె సుమారు ఎనిమిదిన్నర రెట్లు బరువు. 42 రోజులకొకసారి తన సూర్యుని చుట్టివస్తుంది. "వల్కన్ దొరికింది!" అని అభిమానులు పొంగిపోయారు.

నిజానికి ఆ గ్రహాన్ని ఎవరూ కంటితో చూడలేదు. మరి ఎలా పసికట్టారు? మీ తమ్ముణ్ణి రెండు చేతులూ పట్టుకొని గిరగిరా తిప్పి చూడండి. అతడు పెద్ద వలయంలో తిరుగుతాడు. మీరు కూడా నిలిచినచోట నిలవలేక, వెనక్కు వాలుతూ చిన్న వలయంలో తిరుగుతారు. అలాగే గ్రహం తిరుగుతుంటే నక్షత్రం కూడా కొద్దిగా ఊగుతుంది. అది మనవైపు వచ్చేటప్పుడు దాని వెలుగు ఒక పిసరు నీలం వైపుకూ, దూరమయ్యేటప్పుడు ఎరుపు వైపుకూ జరుగుతుంది. రైలు దగ్గరకు వస్తున్నప్పుడు కూత సన్నగానూ, దాటిపోయేటప్పుడు బొంగురుగానూ వినిపించటం మీరు గమనించే ఉంటారు. ఇదీ అటువంటిదే. 40 ఎరిడానిలో కనిపించిన ఊపు ఎంతో తెలుసా? మనిషి వడివడిగా నడిచేంత వేగం మాత్రమే! పదహారు కాంతి సంవత్సరాల అవతల ఉన్న నక్షత్రం నడకను ఇక్కడినుంచి కొలిచారన్నమాట.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఆ నక్షత్రం తన చుట్టూ తాను తిరగటానికి కూడా ఇంచుమించు 42 రోజులే పడుతుంది. దాని ముఖం మీది మచ్చలు, పొంగులు తిరుగుతూ కనబడటంవల్ల కూడా ఇటువంటి ఊపే ఉన్నట్లు తోచవచ్చు. అదే 2018లో మరొక శాస్త్రజ్ఞుల బృందం ఈ సందేహం వెలిబుచ్చింది. చివరకు 2024లో అరిజోనా రాష్ట్రంలోని కిట్ పీక్ కొండ మీద ఉన్న "నీయిడ్" అనే పరికరంతో పరీక్షించారు. "నీయిడ్" అనే పేరు ఆ కొండ ప్రాంతపు ఆదివాసుల భాషనుంచి వచ్చింది. చూడటం అని దాని భావం.

వారు చేసిన పరీక్ష మీకు కూడా సులభంగా అర్థమవుతుంది. ఎద్దులబండి కదిలితే అందులో కూర్చున్నవారందరూ ఒకే లెక్కన ముందుకు పోతారు. బండి నిలిచి ఉండి, లోపలి పిల్లలు మాత్రం అల్లరి చేస్తుంటే ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా కదులుతారు. నిజంగా గ్రహమే నక్షత్రాన్ని ఊపితే దాని వెలుగులోని రంగులన్నీ ఒకే లెక్కన జరగాలి. ఇక్కడ అలా జరగలేదు. నక్షత్రపు వేర్వేరు లోతులనుంచి వచ్చే రంగులు వేర్వేరుగా జరిగాయి. అనగా బండి కదలలేదు. లోపలి పిల్లలే కదిలారు! ఆ గ్రహం లేదని, అది నక్షత్రం చేసిన మాయ అని తేలిపోయింది.

పాపం, అభిమానులకు ఎంత నిరాశ! ముప్పది ఏళ్ళకు పైగా పెంచుకున్న ఆశ అది. కాని ఒక్కమాట ఆలోచించండి. ఇష్టమైన ఊహను సాక్ష్యం ఎదురుగా నిలిచినప్పుడు వదులుకోగలగటం చిన్న విషయం కాదు. స్పాక్ ఉంటే అతడు కూడా అదే చేసి ఉండేవాడు. పైగా ఆ శ్రమ వృథా పోలేదు. నిజమైన గ్రహానికీ, నక్షత్రపు మాయకూ తేడా కనిపెట్టే విద్య దానివల్ల మరింత పదునెక్కింది. ఆ నక్షత్రం దగ్గర వేరే చిన్న గ్రహం లేదని కూడా ఎవరూ తేల్చలేదు.

మీరు కూడా కథ చదివినప్పుడో, తెరమీద చూసినప్పుడో ఒక పుస్తకం తీసుకొని మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో కథ చెప్పినది, రెండవ గడిలో మీ ఊహ, మూడవ గడిలో "ఏది కనబడితే నా ఊహ తప్పని ఒప్పుకుంటాను?" అన్న దానికి జవాబు రాయండి. మూడవ గడి నింపటం అన్నిటికంటె కష్టం. శాస్త్రం మొదలయ్యేది కూడా అక్కడే. పెద్దలకు నా మనవి ఏమంటే, పిల్లలు కథ గురించి వాదించుకుంటుంటే కసరకండి. "దానికి ఆధారమేమిట్రా?" అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకోండి.

జనవరి నెలలో రాత్రి ఎనిమిది గంటల వేళ, దీపాల వెలుగు లేనిచోట ఆకాశం చూడండి. వరుసగా మూడు చుక్కలున్న వేటగాడి మండలం కనబడుతుంది. అతని పాదం దగ్గర తెల్లగా మెరిసేది రైజెల్. అక్కడనుంచి పడమటి వైపుకు, చాచిన చేతి పిడికిలితో ఒకటిన్నర పిడికిళ్ళ దూరంలో 40 ఎరిడాని మినుకుమినుకుమంటుంది. మీ ఇంట్లో పదహారేళ్ళ అన్నో అక్కో ఉంటే వెంట తీసుకుపోండి. వారు పుట్టిన రోజులలో అక్కడ బయలుదేరిన వెలుగే ఇప్పుడు మీ కంటికి చేరుతున్నది.